రక్తనాళంలో సున్నం, గోబర్ గ్యాసు, ఒక మిత్రుడి ప్రశ్న

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీ సబ్జెక్టు మీదే ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు. కానీ అందరికీ అర్థమవ్వాలి" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి. గంట కొడితే తప్ప ఆపే అలవాటు లేదు. మన బడి గంట ఇంకా ఆ వేపచెట్టుకే వేలాడుతోంది కాబట్టి భయం లేదు. ఎవరైనా వెళ్లి దాని దగ్గర నిలబడండి.

ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తుండగా విషయం దానంతట అదే వచ్చింది. మూడు నెలల కిందట ఒక రాత్రి నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. పంపింది ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్కన, ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుడు. పదేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. మంగళ, గురు, శనివారాలు అతనికి మిషను రోజులు. ఇవాళ ఆదివారం కనుక ఇక్కడ, రెండో వరసలో కూర్చున్నాడు. అతని సంగతి చెప్పడానికి అతని అనుమతి తీసుకున్నాను. "సెప్పరా, నానేటి దాస్తానేటి?" అన్నాడు.

ఆ మెసేజ్‌లో ఎవరో పంపిన వార్త ఉంది. మీథేన్ అనే వాయువు రక్తనాళాల్లో క్యాల్షియం పేరుకోకుండా అడ్డుకుంటుందని పరిశోధకులు కనుక్కున్నారట. దాని కింద మావాడు రాసింది ఒక్క వాక్యం: "ఒరే, ఇది మన గోబర్ గ్యాసే కదా, నాకు పనికొస్తాదేటి?"

ఆ ఒక్క వాక్యానికి జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ జవాబే.

ముందు అతను ఎందుకు అడిగాడో చెప్పాలి. నిరుడు అతని చేతికి ఎక్స్‌రే తీశారు. ఎముకలు తెల్లగా కనబడటం మామూలే. కానీ వాటి పక్కన, మణికట్టు నుంచి వేళ్ల దాకా, సన్నగా రెండేసి తెల్లగీతలు, చిన్న రైలుపట్టాల్లా. అవి రక్తనాళాలు. మామూలు ఎక్స్‌రేలో రక్తనాళం కనబడకూడదు. కనబడిందంటే దాని గోడలో సున్నం చేరిందని అర్థం. డాక్టరు గారు చూపించి వివరించారట. వీడు ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి, "మా ఇంటి బోరు నీళ్ల బిందెకు పట్టినట్టే నాకూ పట్టేసిందిరా" అన్నాడు.

ఆ పోలిక బాగుంది, మనందరికీ అర్థమవుతుంది. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అలాగే అనుకుంది. వయసు మీద పడుతుంది, గొట్టం పాతబడుతుంది, లోపల సున్నం పడుతుంది, చేసేదేమీ లేదు అని. అది సరికాదని గత 30, 35 ఏళ్లలో తేలింది. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన పెద్ద మార్పుల్లో ఇదొకటి.

రక్తనాళంలో సున్నం కొత్త జబ్బు కాదు. 2013లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఈజిప్టు, పెరూ, నైరుతి అమెరికా, అల్యూషియన్ దీవులు అనే నాలుగు ప్రాంతాలకు చెందిన 137 మమ్మీలను సీటీ స్కాన్ చేశారు. వాటిలో 47 శరీరాల్లో, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి, రక్తనాళాల గోడల్లో పూడిక గుర్తులు కనబడ్డాయి. వేల ఏళ్ల తర్వాత కూడా మిగిలి ఉన్నది క్యాల్షియమే కాబట్టి, దాన్ని బట్టే గుర్తుపట్టారు.

నాళం గోడకు పొరలు ఉంటాయి. లోపలి పొరలో కొవ్వు గడ్డలతో పాటు చేరే సున్నం ఒక రకం. గుండెపోటు సందర్భంలో మనం వినేది అదే. మధ్య పొరలో, కండర కణాలు ఉండే చోట చేరేది రెండో రకం. 1903లో మాంకెబెర్గ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా వర్ణించాడు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. మావాడి చేతిలో రైలుపట్టాలు కూడా ఇవే. ఈ రకం నాళాన్ని వెంటనే మూసేయదు, దాన్ని కర్రలా బిగుసుకుపోయేలా చేస్తుంది. గుండె కొట్టిన ప్రతి దెబ్బకూ మహాధమని సాగి, మళ్లీ ముడుచుకోవాలి. అది సాగకపోతే ఆ భారమంతా గుండె మీద పడుతుంది. డయాలసిస్ రోగుల్లో ఎక్కువమంది ప్రాణాలు తీసేది కిడ్నీ కాదు, గుండె.

ఇది ముసలితనం వల్ల వచ్చేది మాత్రమే కాదనడానికి ఒక లెక్క చెబుతాను. 2000లో అమెరికాలో 39 మంది డయాలసిస్ రోగుల గుండె నాళాలు పరీక్షించారు. అందరూ 30 ఏళ్లలోపువాళ్లే. 20 ఏళ్లలోపు ఉన్న 23 మందిలో ఒక్కరికీ సున్నం లేదు. 20 నుంచి 30 మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి ఉంది. పాతికేళ్ల కుర్రాళ్లకు! ఈ అంకెలు మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకో ఉద్దానం నుంచి వచ్చిన మీకు వేరే చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ పేర్లు వినగానే ప్రతి ఒక్కరికీ ఒక మొహం గుర్తొస్తుంది. జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసిన మొహం.

ఇక అసలు సంగతి. ఈ సున్నం నీళ్లలోంచి బిందెకు పట్టినట్టు పడటం లేదు. నాళం గోడ తనే ఎముకగా మారాలని చూస్తోంది.

19వ శతాబ్దంలోనే విర్కో అనే జర్మన్ మహాశయుడు నాళాల్లో నిజమైన ఎముకను చూశానని రాశాడు. ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1993లో అమెరికాలోని ఒక బృందం, ఎముక పెరగమని చెప్పే ప్రొటీన్ మనిషి రక్తనాళపు పూడికలో ఉందని చూపించింది. 1997లో ఇంకో బృందం మ్యాట్రిక్స్ గ్లా ప్రొటీన్ అనే ఒక్క ప్రొటీన్ తయారుకాని ఎలుకలను పెంచింది. అవి పుట్టినప్పుడు బాగానే ఉన్నాయి. రెండు నెలల్లోపే నాళాలు సున్నంతో గట్టిపడి, పగిలి చచ్చిపోయాయి. అంటే మన రక్తనాళాల్లో రాత్రింబవళ్లు ఒక కాపలాదారు పనిచేస్తున్నాడు. "ఇక్కడ ఎముక కట్టకూడదు" అని అడ్డుపడుతున్నాడు. వాడు లేకపోతే సున్నం చేరడమే సహజం. మన రక్తంలో క్యాల్షియం, ఫాస్ఫేటు రెండూ అంత నిండుగా ఉన్నాయి మరి.

ఆ కాపలాదారును దాటి పని చెడగొట్టేది ఎవరు? ప్రధాన ముద్దాయి ఫాస్ఫేటు. 2000లో సియాటిల్‌లో చేసిన ప్రయోగంలో మనిషి నాళాల కండర కణాలను గాజు పాత్రల్లో పెంచారు. మామూలు మోతాదు ఫాస్ఫేటులో ఏమీ కాలేదు. కిడ్నీ రోగి రక్తంలో ఉండేంత ఫాస్ఫేటు పెడితే ఆ కణాలు కండరం లక్షణాలు వదిలేసి, ఎముక కణాల లక్షణాలు తెచ్చుకున్నాయి. ఫాస్ఫేటు లోపలికి వెళ్లడానికి కణం గోడకు పిట్-1 అనే ద్వారం ఉంది. లోపలికి చేరాక రన్‌ఎక్స్-2 అనే మీట పడుతుంది. ఎముక కణానికి నువ్వు ఎముక కణానివని చెప్పే మీట అదే. నాళంలో అది పడకూడదు. పడిందంటే ఇల్లు కట్టాల్సిన తాపీమేస్త్రీ వచ్చి కాలవలో గోడ కట్టినట్టే.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. రక్తంలో ఫాస్ఫేటు ఎంత ఉందో కొలవడానికి నేను నా మొదటి ఉద్యోగంలో రోజూ చేసిన పరీక్ష పేరు ఫిస్కే, సుబ్బారావు పద్ధతి. 1925లో ప్రచురితమైంది. ఆ సుబ్బారావు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. రక్తపు నమూనాకు మాలిబ్డేటు కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. పెద్దవాళ్లలో ఒక డెసిలీటరు రక్తానికి రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా మామూలు. డయాలసిస్ రోగుల నమూనాలు వచ్చిన రోజు గాజు గొట్టాల వరస మొత్తం ముదురు నీలంగా ఉండేది. ఆ రంగు అందంగా ఉందనుకునేవాణ్ణి. దాని వెనక ఏముందో అప్పటికి నాకూ పూర్తిగా తెలియదు.

సరే, మీథేన్ సంగతికి వద్దాం.

మా బ్యాచీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. బడి వెనక హాస్టలు వంటశాల పక్కన గోబర్ గ్యాసు ప్లాంటు ఉండేది. పేడ కలిపే పని వారానికి ఒక బెంచీకి వచ్చేది. మా సైన్సు మాస్టారు ఒక సాయంత్రం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి, పొయ్యి వెలిగించి, "వాసన దీనిది కాదురా, దాంతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడుది. మీథేనుకు రంగు లేదు, వాసన లేదు, నీలిమంట మాత్రం ఉంది" అన్నారు. 1776లో ఇటలీలో వోల్టా అనే ఆయన మజ్జోరె సరస్సు అడుగు బురదను కదిపి, పైకొచ్చిన బుడగలను పట్టి ఈ వాయువును గుర్తించిన కథ కూడా అక్కడే చెప్పారు. మావాడు నాకు మెసేజ్ పంపినప్పుడు అతని మనసులో ఉన్నది ఆ పొయ్యి మంటే.

ఆ మీథేన్ మన కడుపులోనూ తయారవుతుంది. పెద్దపేగులో ఉండే కొన్ని సూక్ష్మజీవులు నాలుగు హైడ్రోజన్ అణువులను ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిపి మీథేనుగా మారుస్తాయి. అందులో కొంత రక్తంలో కలిసి, ఊపిరిలో బయటికి వస్తుంది. అందరికీ ఒకేలా ఉండదు. మూడింట ఒక వంతు మంది ఊపిరిలోనే అది చెప్పుకోదగ్గంత కనబడుతుంది. చాలాకాలం దాన్ని ఎందుకూ కొరగాని వాయువుగానే చూశారు. మలబద్ధకం ఉన్నవాళ్లలో ఎక్కువగా ఉంటుందనీ, పేగు కదలికను నెమ్మదింపజేస్తుందనీ మాత్రం తర్వాత తెలిసింది.

అయితే వాయువుల విషయంలో శాస్త్రం ఒకసారి దెబ్బతింది కాబట్టి ఇప్పుడు తొందరపడి కొట్టిపారేయదు. నైట్రిక్ ఆక్సైడు అంటే వాహనాల పొగలో వచ్చే విషమని అనుకునేవాళ్లం. అదే మన రక్తనాళాలను వదులు చేస్తుందని తేలింది. 1998లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే మీథేన్ మీద కూడా కొందరి కన్ను పడింది. హంగరీలోని సెగెడ్ నగరంలో ఒక శస్త్రచికిత్స పరిశోధన బృందం 2012లో ఒక ప్రయోగం ప్రచురించింది. కుక్కల పేగుకు రక్తం కాసేపు ఆపి, మళ్లీ వదిలారు. అలా వదిలినప్పుడు కణజాలం దెబ్బతింటుంది. ఆ సమయంలో రెండున్నర శాతం మీథేన్ కలిపిన గాలి పీల్చిన కుక్కల్లో ఆ దెబ్బ తక్కువగా ఉంది. రెండున్నర శాతమే ఎందుకో మన మాస్టారి శిష్యులకు తెలిసి ఉండాలి. గాలిలో అయిదు శాతం దాటితే మీథేన్ పేలుతుంది.

ఆ తర్వాత చైనాలో పరిశోధకులు ఇంకో దారి పట్టారు. సెలైన్ నీళ్లలో మీథేన్‌ను నాలుగింతల వాతావరణ పీడనం మీద గంటల తరబడి నొక్కి కరిగించారు. మామూలుగా అయితే లీటరు నీటిలో ఇరవై రెండు మిల్లీగ్రాములకు మించి కరగదు. ఆ సెలైన్‌ను ఎలుకలకు ఎక్కించి కాలేయం, గుండె, మెదడు, ఇలా ఒక్కో అవయవం చూసుకుంటూ వచ్చారు. ఆ వరసలోనే రక్తనాళాల సున్నం కూడా వచ్చింది. కిడ్నీ జబ్బు తెప్పించిన ఎలుకల్లో, ఈ సెలైన్ ఇచ్చినవాటికి మహాధమని గోడలో క్యాల్షియం తక్కువ చేరిందనీ, ఇందాక నేను చెప్పిన పిట్-1 ద్వారం, రన్‌ఎక్స్-2 మీట రెండూ నెమ్మదించాయనీ రాశారు. మావాడికి వచ్చిన వార్తకు మూలం ఇదీ.

చదివినప్పుడు నాకూ ఉత్సాహం కలిగింది, దాచను. 2022లో నేచర్ పత్రికలో జర్మనీ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. ఆక్సిజన్ వాడుకునే జీవకణాల్లో కూడా, సూక్ష్మజీవుల సాయం లేకుండానే, కణం ఒత్తిడికి గురైనప్పుడు కాస్తంత మీథేన్ పుడుతుందట. అంటే అది వట్టి పేడవాయువు కాదేమో, శరీరం మాట్లాడుకునే భాషలో ఒక అక్షరమేమో అన్న ఆశ కలుగుతుంది.

కానీ నన్ను అడిగినవాడు పరిశోధకుడు కాదు, రోగి. ఉత్సాహాన్ని అతనికి మందుగా ఇవ్వకూడదు. అందుకే కాగితం తీసుకుని ఒక పక్క ఆశ, ఇంకో పక్క అడ్డంకులు రాసుకున్నాను.

మొదటి అడ్డంకి, ఎలుక. ఆ ఎలుకకు జబ్బు వారాల్లో తెప్పిస్తారు. అడినిన్ అనే పదార్థం మేతలో కలిపితే దాని స్ఫటికాలు కిడ్నీని పాడుచేస్తాయి. పైనుంచి ఫాస్ఫేటు ఎక్కువ పెడతారు. మందు చాలాసార్లు జబ్బుతో పాటే మొదలవుతుంది. మావాడి నాళాల్లో సున్నం పదేళ్లుగా చేరుతోంది. చేరకుండా ఆపడం వేరు, చేరినదాన్ని కరిగించడం వేరు.

రెండో అడ్డంకి, అది ఎలా పనిచేస్తుందన్నది. మీథేన్ దేనితోనూ తొందరగా కలవని వాయువు. నైట్రిక్ ఆక్సైడుకు కణంలో ఫలానా చోట అంటుకుంటుందని చూపించగలం. మీథేనుకు అలాంటి చోటు ఇంకా దొరకలేదు. తాళం ఎక్కడుందో తెలియకుండా తాళంచెవి దొరికిందంటే ఆగి చూడాలి.

మూడోది, మనం ఇదివరకు పడ్డ దెబ్బ. ఇందాకటి కాపలా ప్రొటీన్ పనిచేయాలంటే విటమిన్ కె కావాలి. ఎలుకల్లో నాళాలకు సున్నం పట్టించి, విటమిన్ కె దండిగా పెడితే ఆ సున్నం తగ్గింది కూడా. 2007లో ఆ ఫలితం వచ్చినప్పుడు నేను తరగతిలో గొప్పగా చెప్పాను. తర్వాత డయాలసిస్ రోగులకు ఇచ్చి చూసిన పరీక్షల్లో ఆశించిన మేలు స్పష్టంగా కనబడలేదు. అక్కడ తాళం తెలుసు, తాళంచెవి తెలుసు, అయినా మనిషి తలుపు తెరుచుకోలేదు. మీథేన్ ఇంకా ఆ గుమ్మం దాకా కూడా రాలేదు.

కాబట్టి మూడో రోజు రాత్రి అతనికి ఇలా రాశాను: "ఒరే, ఇది నిజమైన పరిశోధనే, అబద్ధపు వార్త కాదు. కానీ ఇవాళ నీకు పనికొచ్చే మందు కాదు. ఎవరైనా గ్యాసు నీళ్లంటూ, గ్యాసు ఇంజెక్షనంటూ అమ్మజూపితే కొనకు. గోబర్ గ్యాసు దగ్గరికి అసలే వెళ్లకు."

వెంటనే ఫోన్ చేశాడు. "గోబర్ గ్యాసు పీలుస్తాననుకున్నావేటిరా" అని నవ్వాడు. నవ్వి, "మరి నానేటి సెయ్యాలి?" అన్నాడు.

దానికి జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. అతని ముందు ఇప్పటికే ఒప్పుకున్నాను. 2009లో మన బ్యాచీ కలుసుకున్నప్పుడు, ఇదే ఆవరణలో, టీ తాగుతూ, "మోకాళ్లు లాగుతున్నాయిరా" అన్నాడు. నేను అలవోకగా, "వయసు కదా, పాలు తాగు, క్యాల్షియం మాత్ర ఒకటి వేసుకో" అన్నాను. పెద్ద కాలేజీలో బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ చెప్పాడని నాలుగేళ్లు వదలకుండా వేసుకున్నాడు. అంతకాలమూ కిడ్నీలు నిశ్శబ్దంగా పాడవుతూనే ఉన్నాయి. బయటపడేసరికి ఆలస్యమైపోయింది. ఆ మాత్రల వల్లే నాళాలు గట్టిపడ్డాయని నేను చెప్పలేను, అలా చెబితే అది శాస్త్రం కాదు. కానీ కిడ్నీలు పనిచేయనివారికి క్యాల్షియం మోతాదు తక్కువగా ఉంచమని 2017లో అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. నేను అడగాల్సిన ప్రశ్న వేరు. "క్రియాటినిన్ చూపించుకున్నావా?" అని అడగాలి. ఉద్దానం మనిషిని, నా చేతుల మీదుగా వేల నమూనాలు వెళ్లినవాణ్ణి, పక్కన కూర్చున్న మిత్రుణ్ణి ఆ ఒక్క మాట అడగలేదు.

ఇప్పుడు అతనికి చెప్పింది మీకూ చెబుతాను. లెక్కల మాస్టారు ముందున్నారు కాబట్టి లెక్కగా చెబుతాను. మనం రోజుకు సుమారు వెయ్యి మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తింటాం. అందులో ఆరు వందల దాకా ఒంటికి పడుతుంది. వారానికి 4,200. ఒక డయాలసిస్ నాలుగు గంటల్లో సుమారు 800 తీసేస్తుంది. వారానికి మూడుసార్లు, 2,400. మిగిలింది 1,800. అది ఎక్కడికి పోతుంది? రైలుపట్టాలకే. ఆ 1,800ను ఆపడానికే అన్నంతో పాటు వేసుకోమని డాక్టర్లు మాత్రలిస్తారు. అన్నం తిన్న గంటకు వేసుకుంటే ఆ మాత్ర దండగ. ముద్దతో పాటే వెళ్లాలి. మావాడు ఆరేళ్లుగా భోజనం అయ్యాక, పడుకోబోయే ముందు వేసుకుంటున్నాడని ఆ రాత్రి ఫోనులో నాకు తెలిసింది. చెప్పినవాళ్లు హడావిడిలో చెప్పి ఉంటారు, విన్నవాడు నీరసంలో విని ఉంటాడు.

తిండిలో కూడా అన్ని ఫాస్ఫేట్లూ ఒకటి కావు. పప్పులో ఉన్న ఫాస్ఫేటులో సగం కూడా ఒంటికి పట్టదు. మాంసం, పాలల్లోది అంతకంటే ఎక్కువ పడుతుంది. నల్లటి కూల్‌డ్రింకుల్లో, నిల్వ ఉండేలా ప్యాకెట్లలో చేసిన మాంసం, చీజు లాంటివాటిలో కలిపే ఫాస్ఫేటు దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. మావాడు పప్పు మానేసి, డయాలసిస్ నుంచి వస్తూ నీరసమని కూల్‌డ్రింకు తాగేవాడు! నీరసానికి తాగింది నాళానికి చేరింది. ఇప్పుడు మానేశాడు. మాత్ర మొదటి ముద్దతో వేసుకుంటున్నాడు. రెండు నెలల తర్వాత పరీక్ష కాగితం ఫోటో పంపాడు. ఫాస్ఫేటు ఏడు నుంచి అయిదుకు దిగింది. చేతిలో రైలుపట్టాలు మాయం కాలేదు, కావు కూడా. కొత్త పట్టాలు వేసే పని నెమ్మదిస్తుందని ఆశ.

ఈ మాట విని ఇంటికెళ్లి ఎవరూ సొంతంగా మాత్రలు మార్చుకోకండి. నేను సూది పొడవని డాక్టర్ని. మీ డాక్టరు గారిని అడగడానికి మీకు ఒక ప్రశ్న ఇచ్చానంతే.

చివరగా సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధి గురించి చర్చ జరుగుతోంది. విదేశాల్లో ఉన్న మన తమ్ముడొకడు మంచి మనసుతో, ఇలాంటి కొత్త చికిత్స ఏదైనా ఉంటే మన ఊరి రోగులకు తెప్పిద్దామని సూచించాడు. ఆ మనసుకు దండం. కానీ 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. పెద్ద పనులు అక్కడ జరుగుతాయి. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఏమిటో తేల్చాల్సింది కూడా అక్కడివాళ్లే. మనం చేయగలిగింది చిన్నది. క్రియాటినిన్ పెరిగినట్టు కనబడేసరికి కిడ్నీల పని సగం దాకా పోయి ఉంటుంది. అందుకే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ రెండూ ఏడాదికోసారి చూసుకోవాలి. ఏటా మనం కలుసుకునే రోజున ఇదే వరండాలో ఒక టేబుల్ వేద్దాం. పూర్వ విద్యార్థులకు, ఇప్పటి పిల్లల తల్లిదండ్రులకు ఈ రెండు పరీక్షలూ ఉచితంగా చేయిద్దాం. రిటైరయ్యాను కాబట్టి ఆ టేబుల్ దగ్గర కూర్చునే పని నాది. కాగితం చదివి, ఎవరికి ఏం చెప్పాలో నిదానంగా చెప్పే పని కూడా నాదే. అలవోకగా మాత్రం ఇంకెప్పుడూ చెప్పను.

మీథేన్ కథ ఇంకా ముగియలేదు. రేపు అది మనుషుల్లోనూ పనిచేస్తుందని తేలితే అందరికంటే ముందు సంతోషించేది నేనే. ఆ రోజు మా బెంచీ మిత్రుడికి నేనే ముందు మెసేజ్ పంపుతాను. అప్పటిదాకా మాత్ర మొదటి ముద్దతోనేరా, మర్చిపోకు.

గంట దగ్గర నిలబడ్డవారు చేతులు పైకెత్తుతున్నారు. మాకు నీలిమంట చూపించిన సైన్సు మాస్టారు ఈ సభ చూడకుండానే వెళ్లిపోయారు. ఆయనకు, ఇక్కడున్న మా గురువులందరికీ పాదాభివందనం.